ముందు గ్రామసభ, తరువాతే గునపం

ఎవ్లిన్ ముసలమ్మ గుడారాన్ని పీకి కంచె అవతల పారేసింది మన పిల్లలే. ఈ కథ చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.

కెనడాలో ఒషావా ఊరికి ఉత్తరాన, బస్సు దిగి అరగంట నడిస్తే వచ్చే గుట్ట అది. ఆ గుట్ట మాదే, ఏనాడూ ఎవరికీ రాసివ్వలేదని అక్కడి ఆదివాసులు అంటారు. సర్కారు మాకు లీజుకిచ్చిందని కంకర కంపెనీ అంటుంది. తగువు కోర్టులో ఉంది. అది తేలేలోపు గుట్టను సగం లేపేస్తే ఇక తేల్చడానికి ఏం మిగలదని కంపెనీ లెక్క. అందుకు నోరెత్తని చేతులు కావాలి. చదువుకోడానికొచ్చిన తెలుగు పిల్లల్ని పోగేసి ఆ చేతుల్ని అందించే కాంట్రాక్టరు హేమచంద్ర.

అక్టోబరు ఆరు, సోమవారం. సైటు గేటు దగ్గర ఎప్పటిలాగే అందరి ఫోన్లూ ప్లాస్టిక్ డబ్బాలో వేయించుకున్నారు. సేఫ్టీ రూల్ అన్నారు. లోపల, యంత్రం నడవాల్సిన దారిలో చిన్న గుడారం, దాని ముందు చిన్న మంట, మంట దగ్గర డెబ్బై ఏళ్ళ ఆదివాసి పెద్దామె ఎవ్లిన్.

"చూస్తారేంటమ్మా? నాలుగు గుంజలు. పీకి అవతల పెట్టండి," అన్నాడు హేమచంద్ర.

"అన్నా, ముసలామె ఉంది కదా అక్కడ," అన్నాడు సాయి తేజ. గుంటూరు పిల్లాడు.

"ఆమె సంగతి గార్డు చూసుకుంటాడు. నీ స్టడీ పర్మిట్ సంగతి నువ్వు చూసుకో."

గార్డు ఆమెను రెండు భుజాలూ పట్టుకుని పక్కకు జరిపాడు. అనన్య ఒక గుంజ పీకింది. నిఖిల ఇంకోటి పీకింది. ఎవ్లిన్ అరవలేదు, ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎవరిని అడిగి తవ్వుతున్నారు?"

యంత్రం మంటను తొక్కుకుంటూ పోయి గుట్టలోకి పళ్ళు దించింది. నిఖిలకు గొంతు దాకా ఏదో వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఆమె మాటలన్నీ అక్కడే ఆగిపోతాయి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, భద్రాచలం ఏజెన్సీ అంచున ఉన్న ఊరు, సర్కారు బడి చదువు. ఆ బడిలో రత్నకుమారి టీచర్ రోజూ నోటుబుక్కులో మొదట తేదీ, తరువాత ఆకాశం ఎలా ఉందో, ఆ తరువాత కళ్ళారా చూసింది రాయించేది. బడి వదిలినా ఆ అలవాటు వదల్లేదు. ఎర్ర అట్ట డైరీ ఆమె బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

అనన్యది హైదరాబాదు. ఆమె నోరు తెరిస్తే నలుగురు తిరిగి చూస్తారు. నిఖిల నోరు తెరిస్తే "ఏంటీ?" అని మళ్ళీ అడుగుతారు. ఒకే గదిలో ఉంటారు, ఒకే కుక్కర్లో వండుకుంటారు, అయినా ఈ తేడా నిఖిలను రోజూ గీరుతూనే ఉంటుంది. ఆ రోజు కూడా దారిలో ఇద్దరికీ తగిలిన గార్డు అనన్యకే సారీ చెప్పాడు.

తిరుగు బస్సులో నిఖిల ధైర్యం చేసి అంది: "మా దిక్కు గుట్ట తవ్వాలంటే గ్రామసభ పెట్టాలె. పక్కూర్ల క్వారీవాళ్ళు తవ్వుడు మొదలుపెట్టినంక సంతకాల కోసం వచ్చిండ్రు. జనం రోడ్డు మీద కూసున్నరు. ముందు గ్రామసభ, తర్వాతే గునపం అన్నరు."

అనన్య ఫోన్ చూసుకుంటూ, "ఊఁ, బాగుంది," అంది.

రెండు వారాలు పని నడిచింది. ఆదివారం మధ్యాహ్నం, అద్దెకుండే ఇంటి బేస్‌మెంట్‌లో పనికెళ్ళే పదకొండు మందీ కూర్చున్నారు. సోమవారం పనికి వెళ్ళాలా వద్దా అని గొడవ.

"మనకెందుకురా వాళ్ళ భూమి తగాదా? పర్మిట్ పోతే మనల్ని ఎవడు చూస్తాడు?" అన్నాడు కిరీటి.

"గుడారం పీకినప్పుడు మనకెందుకు అనుకోలేదే?" అని సాయి తేజ ఎగిరాడు.

"అన్న చెప్పాడు, పీకాం."

"రేపు అన్న నీ గదిలో సామాను పీకమంటే?"

అప్పుడు అనన్య లేచింది. "నేను చదివి వచ్చాను, వినండి. ఐక్యరాజ్యసమితి ప్రకటన ఒకటుంది. ఆదివాసుల నేల మీద ఏం చేయాలన్నా సర్కారు వాళ్ళ సమ్మతి ముందే తీసుకోవాలి. బెదిరించకుండా, అన్నీ విప్పి చెప్పి. ఈ దేశం పార్లమెంటు దాన్ని ఒప్పుకుంది. ఇక్కడి కోర్టు దాన్ని ఈ గుట్టకి వర్తింపజేస్తుందా అన్నదే ఇప్పుడు కేసు. సింపుల్‌గా చెప్పాలంటే, ముందు గ్రామసభ, తర్వాతే గునపం!"

చప్పట్లు. కిరీటి కూడా కొట్టాడు. "అబ్బ, ఏం చెప్పావ్ అనన్యా!" అంటూ అట్టముక్క తెచ్చి ఆ మాటే పెద్దక్షరాలతో రాశారు.

మూలన కూర్చున్న నిఖిల చెవులు మండిపోయాయి. అది నా మాట అని చెప్పలేకపోయింది. ఆ సాయంత్రం డైరీలో రాసుకుంది: "పందొమ్మిది. మబ్బు. రేపు పని బంద్. నా మాటకు దానికి చప్పట్లు. దాని గొంతు పోవాలి. కోర్టు దాకా పోయి మాట రాక నిలబడాలి."

మర్నాడు పదకొండు మందీ గేటు లోపలికి పోలేదు. ఎవ్లిన్ పక్కన నిలబడ్డారు. హేమచంద్ర బతిమాలాడు, తిట్టాడు, వేరే వాళ్ళను తెచ్చుకున్నాడు. ఎవ్లిన్ తన ఫ్లాస్కులోని టీ వాళ్ళకు పోసింది. ముందు అనన్యకే పోసింది. అదీ చూసింది నిఖిల.

నవంబరులో విచారణ. మామూలుగా కాగితాల మీద నడిచేదే అయినా, తేదీల దగ్గర పేచీ వచ్చి జడ్జి సాక్షుల్ని పిలిచారు. కంపెనీ వాదన ఇది: "అక్టోబరు పదిహేనున సమ్మతి అడుగుతూ ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. ఇరవైన తవ్వకం మొదలుపెట్టాం. అంతకుముందు జరిగింది కంచె పనే."

అనన్య బోనెక్కింది. గుడారం గురించి, మంట గురించి కోర్టంతా నిశ్శబ్దమయ్యేలా చెప్పింది.

"తవ్వడం మీరు చూసింది ఏ రోజు?" కంపెనీ లాయరు అడిగాడు.

"అక్టోబరులో."

"ఏ తేదీ?"

"రెండో వారం... కాదు, మూడో వారం అనుకుంటా."

లాయరు నవ్వి కూర్చున్నాడు. అనన్యకు మాట రాలేదు. నిఖిల రాసుకున్నదే జరిగింది. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, ఆ క్షణం ఆ పిల్ల సంతోషపడింది.

అనన్య వచ్చి పక్కన కూలబడి చెవిలో అంది: "నువ్వు రోజూ రాస్తావ్ కదే. డైరీ ఇయ్యవే."

"నీకు మాటలొస్తయి గదా. పోయి చెప్పు."

"ఆ మాట నీదని నేను చెప్పలేదు. తప్పే. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. డైరీ మాత్రం ఇయ్యి."

నిఖిల బ్యాగు గట్టిగా పట్టుకుంది. అందులో ఆరో తేదీ ఉంది. దాంతోపాటు ఆమె పాడు రాతలూ ఉన్నాయి. ఏ వారం ఎన్ని గంటలు పనిచేసిందో కూడా ఉంది. విద్యార్థికి వారానికి ఇరవై నాలుగే అనుమతి. హేమచంద్ర ముప్పై ఒకటి చేయించాడు. ఆ పుస్తకం బయటికొస్తే ఆమె పర్మిట్ పోతుంది.

ముందు వరసలో ఎవ్లిన్ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఎవరిని అడిగి తవ్వుతున్నారు? ఒక్క మాట తనను అడక్కుండా తీసుకున్నందుకే నిఖిల నెల రోజులు కుతకుతలాడింది. ఈమె గుట్టనే తీసుకున్నారు, అడక్కుండా.

నిఖిల లేచి నిలబడింది. డైరీ బయటికి తీసి బోను వైపు నడిచింది.

దుబాసీగా రిచ్‌మండ్ హిల్ నుంచి వచ్చిన రంగనాథ్ గారు డైరీ తెరిచి చదివారు: "ఆరు. ఎండ, గాలి. గుడారం పీకినం. నేను కూడ పీకిన. పొద్దున తొమ్మిదింటికి యంత్రం గుట్టల దిగింది. సాయంత్రం దాక పద్నాలుగు లారీల మట్టి పోయింది."

ఆదివాసుల వైపు గుసగుసలు లేచాయి. కంపెనీ లాయరు డైరీ తీసుకుని, తెలుగు తెలిసిన తన గుమస్తాతో పేజీలు తిప్పించి, ఒక చోట వేలు పెట్టాడు. "ఇది కూడా చదవండి."

రంగనాథ్ గారు తల ఎత్తారు. "చదవమంటావామ్మా?"

"చదవండి అంకుల్."

దాని గొంతు పోవాలి అన్న రాతను ఆయన ఇంగ్లీషులో చదివారు. అనన్య తల దించుకుంది. నిఖిల దించుకోలేదు.

"మీరు అసూయతో రాసే మనిషి. గంటల చట్టాన్ని దాటిన మనిషి. మిమ్మల్ని కోర్టు ఎందుకు నమ్మాలి?" అన్నాడు లాయరు.

నిఖిల గొంతులో ఇన్నాళ్ళూ ఆగిపోయినదేదో కదిలింది. "అసూయ నిజమే సార్. గంటలూ నిజమే. సిగ్గుపడేటివి కూడ దాచకుంట రాసుకున్న. తేదీ ఒక్కటే అబద్ధం ఎందుకు రాస్త?"

ఈసారి ఎవరూ "ఏంటీ?" అనలేదు.

మధ్యాహ్నం జడ్జి చెప్పారు: పార్లమెంటు ఒప్పుకున్న అంతర్జాతీయ ప్రకటన ఈ గుమ్మం బయట ఆగిపోదు, ఇక్కడి చట్టాన్ని దానికి అనుగుణంగానే చదవాలి. తవ్విన తరువాత రాసిన ఉత్తరం సమ్మతి అడిగినట్టు కాదు. అసలు తగువు తేలేదాకా యంత్రాలు ఆగాలి.

కోర్టు గుట్టను ఇవ్వలేదు. గడువిచ్చింది. ఆ గడువు కూడా నిలబడ్డవాళ్ళు తెచ్చుకున్నదే.

మెట్ల కింద ఇద్దరు ఇమిగ్రేషన్ ఆఫీసర్లు ఉన్నారు. వాళ్ళ వెనక, ఫోన్ జేబులో పెట్టుకుంటూ హేమచంద్ర.

"నిఖిల ఎవరు? అనుమతికి మించి పనిచేసినందుకు మాతో రావాలి."

"ముప్పై ఆరు గంటలు!" అని అరిచింది అనన్య. "నా పేరు అనన్య. నన్నూ రాసుకోండి."

"నలభై!" సాయి తేజ హేమచంద్ర వైపు వేలు చూపించాడు. "చేయించింది ఈ అన్న. ఈయన పేరూ రాసుకోండి."

"ముప్పై మూడు," అన్నాడు కిరీటి, ముందుకొచ్చి. ఒక్కొక్కరే మిగతా పదిమందీ చెప్పారు. ఆఫీసరు కలం ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది. హేమచంద్ర కారు తాళాలు వెతుక్కున్నాడు. ఎవ్లిన్ మెట్లు దిగి వచ్చి ఆఫీసర్ల ముందు నిలబడింది.

"మా నేల మీద నుంచి ఈ పిల్లను ఎవరిని అడిగి తీసుకెళ్తున్నారు?"

మళ్ళీ ముందుగా అరిచింది అనన్యే అన్న సంగతి నిఖిలకు ఆ గొడవలోనూ చురుక్కుమంది. కారు తలుపు దగ్గర వెనక్కి తిరిగింది.

"అనన్యా, డైరీ కోర్టులోనే ఉంది. ఇయ్యాల్టిది నువ్వు రాయి. ముందు తేదీ రాయి. ఎవరేమన్నరో పేర్లతోని రాయి, ఆఁ!"

అని గొంతెత్తింది. "ముందు గ్రామసభ!"

"తరువాతే గునపం!" అన్నారు అందరూ. ఆ అరుపుల్లో అనన్య గొంతు నిఖిల గొంతు వెనకే వచ్చింది.

కారు వెళ్ళిపోయింది. అనన్య నినాదం రాసిన అట్టముక్కను వెనక్కి తిప్పి, మెట్టు మీద పెట్టి రాసింది: "నవంబరు పద్దెనిమిది. మబ్బు. ఈ నినాదం నిఖిలది." రాసి లేచింది. పదిమందీ ఎవ్లిన్‌తో కలిసి, ఆ కారు పోయిన దారినే నడక మొదలుపెట్టారు.