పచ్చ తురాయి

...అసలు ఆ సాయంత్రమే నాకు తెలిసింది, అదే కదా చెప్పుకోలేనిది. తెలియక చేసిన తప్పే అయితే, ఇన్ని నెలలుగా పార్కు గేటు తప్పించి వెనక సందులోంచి వచ్చేవాణ్ణే కాదు.

పోతిరెడ్డిపల్లిలో మా కాలనీ పార్కు చిన్నది. డిసెంబరులో చెట్లకు పేర్ల బోర్డులు పెట్టాలనుకున్నప్పుడు, బడిలో జీవశాస్త్రం చెబుతానని ఆ పని నాకిచ్చారు. కానుగ, నేరేడు, నిద్రగన్నేరు, పొగడ. గేటు పక్క చెట్టుకు మాత్రం దూరం నుంచే ఆకు చూసి 'తురాయి, ఎర్రని పూలు' అని రాయించాను. అడుగున నా పేరు కూడా: పరంజ్యోతి, ఎమ్మెస్సీ.

ఆ బోర్డు బిగిస్తుంటే, పార్కు ఊడ్చే కౌసల్యమ్మ చీపురు ఆపింది.

"సారూ, గిది ఎర్రపూలది కాదు. దానికి కత్తుల లెక్క పొడుగు కాయలుంటయ్. దీనివి వేలెడంతే, రాగి రేకుల లెక్క రాల్తయ్. రోజు ఊడ్చేది నేనే కదా."

చుట్టూ కాలనీ సంఘం వాళ్లున్నారు.

"ఊడ్చుడు నీ పని, పేర్లు నా పని" అన్నాను.

"ఎమ్మెస్సీ కౌసల్యమ్మ" అన్నాడు సంఘం అధ్యక్షుడు దుర్గాప్రసాద్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, వంగి మళ్లీ ఊడవసాగింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే జేబులో ఒక రాగిరంగు కాయ. ఎప్పుడు ఏరానో గుర్తులేదు. నోరు ఆమెను కసురుతుంటే చెయ్యి ఆమెను నమ్మిందన్నమాట. పుస్తకం తీశాను. ఆమె చెప్పిందే నిజం. అది పసుపు పూలు పూసే పచ్చ తురాయి. కాయను సొరుగులో వేసి మూసేశాను. పూలకు ఇంకా చాలా రోజులున్నాయిలే అనుకున్నాను. ఏం ఆశించానో. నా పరువు కోసం చెట్టు ఎర్రగా పూస్తుందనా?

ఏప్రిల్‌లో పూసింది. గేటంతా పసుపు, నా పేరు మీద కూడా రేకులు.

ఈ పొద్దున పరధ్యానంలో ఆ గేటు వైపే వచ్చేశాను. లోపల మాటలు వినబడి గోడ ఇవతలే ఆగాను.

"ఎర్రపూలు ఏవి కౌసల్యమ్మా? ఫ్యాక్టరీల పొగకు రంగు మారినయా?" దుర్గాప్రసాద్ గొంతు.

"పెయింటర్ తప్పు రాసిండు సారూ. పరంజ్యోతి సార్ మంచిగనే చెప్పిండు, నేను విన్న."

ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. తప్పు నాది కాకుండా పోవాలని. ఇక ఇటునుంచి ఇటే ఇంటికి పోవచ్చు, నన్నెవరూ చూడలేదు. కానీ అందరిలో నేను చిన్నబుచ్చిన మనిషి, నా కోసం అబద్ధమాడి నా పరువు నిలబెడుతోంది. చెవులు కాలిపోతున్నాయి. ఆమెకూ ఆ రోజు ఇలాగే కాలాయేమో, నవ్వుతూనే.

గేటు తోసుకుని లోపలికి వెళ్లాను.

"పెయింటర్ కాదు ప్రసాద్‌గారూ, నేనే తప్పు రాయించిన. ఈమె ఆ రోజే చెప్పింది. నేనే ఇనలే."