అడ్డపొగ

వాకిట్లో పాత వల పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్నాను. ఇంకా తెల్లారలేదు. అరుగు మీద మా ఆయన తల్లి, మా అత్త, తాతమ్మ ఆమె పేరు, చుట్ట ముట్టించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. మా ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళు అలాగే తాగుతారు. అడ్డపొగ అంటారు. చుట్ట అయిపోవస్తుండగా ఆమె చేయి గుండె మీదికి వెళ్ళింది. ముఖమంతా చెమట. వెళ్ళి పట్టుకున్నాను. పది నిమిషాలకు తగ్గింది. తరవాత నౌపడ దాకా నడిచి చేపలమ్మి వచ్చింది. నడకలో నొప్పి రాలేదు.

నెలరోజులుగా ఇదే వరస. శ్రీకాకుళంలో యాంజియోగ్రామ్ తీసి, నాళాల్లో ఎక్కడా పూడిక లేదన్నారు. అప్పట్నుంచి ఆమె గుండె పట్టుకుంటే చాలు, మా మావ గంగరాజు "సినిమా మొదలెట్టీసింది" అని నవ్వేవాడు.

రెండోసారి చూపించిన డాక్టరమ్మ, ఒక రోజంతా ఒంటిమీద ఉండి గుండె తీరు గీతగా గీసే మిషను కట్టి పంపింది. తెల్లవారుజామున అయిదూ పదికి అందులో గీత పైకి లేచి, కాసేపటికి దిగింది. నాళం ఉన్నట్టుండి బిగుసుకుని మళ్ళీ వదులవుతోందనీ, అందుకే పరీక్షవేళకు ఏమీ కనపడలేదనీ చెప్పింది. ఎప్పుడైనా వదలకపోతే ప్రాణం పోవచ్చంది. పొగ తాగుతావా అని అడిగింది. అత్త లేదంది. అబద్ధం కాదు. పొగ తాగడమంటే మగవాళ్ళలా పొగ బయటికి వదలడమని ఆమె లెక్క. మావ కూడా తలూపాడు. నేను వెనక నిలబడి ఊరుకున్నాను.

మాత్రలు వాడినా నొప్పి వచ్చింది. మూడో వారం వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మోతాదు పెంచబోతుంటే చెప్పేశాను. రోజూ నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతుందని, ఆ వెనకే నొప్పి వస్తుందని. ఆమె రాయడం ఆపి, చుట్ట మానకపోతే మాత్రలు సరిపోవని అత్తకు మెల్లగా చెప్పింది.

బస్సులో అత్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నౌపడ దాటాక అంది.

"మాయమ్మ తాగింది, మాయత్త తాగింది. అందరి ముందల నన్ను పొగతాగేదాన్ని సేసీసినావు గదే."

"నువ్వు బతకాలని సెప్పినాను అత్తా."

"బతుకుతాన్లే. నీతో మాటాడమని డాట్రమ్మ సెప్పనేదు గదా."

ముందు సీట్లో మావ నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆ మాటకు పందొమ్మిది రోజులైంది. మొదటివారం ఇంట్లో అందరినీ కసురుకుంది గానీ ఇంతవరకూ చుట్ట ముట్టలేదు. నొప్పి కూడా రాలేదు. పొద్దుటి మాత్ర నా చేతిలోంచే తీసుకుంటుంది, ముఖం చూడదు. ఇవాళ గంప ఎత్తుకుంటుంటే ఒక చెయ్యి వేశాను. వెయ్యనిచ్చింది. గంప నెత్తిన కుదురుకున్నాక, ఏమీ అనకుండా గడప దాటి వెళ్ళిపోయింది.