సీహాక్ చక్రాల కాలు

సామేలు నేవీలో మెకానిక్‌గా పనిచేశాడు. డెబ్బయ్యొకటి యుద్ధంలో విక్రాంత్ నౌక మీద సీహాక్ విమానాలు దిగేటప్పుడు బరువు మోసే చక్రాల కాళ్లు సరిచూసే పని ఆయనది. ఇప్పుడు జగిత్యాలలో కూతురు ప్రవళిక దగ్గర ఉంటున్నాడు. పోయినేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, రాయడమూ పోయింది. ఎడమ చేయి మాత్రం ఆడుతుంది.

ప్రవళిక కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. తండ్రి సంతోషిస్తాడని మూడు నెలలు కష్టపడి చిన్న సీహాక్ బొమ్మ చేసి ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్లు మెరిశాయి. అంతలోనే ముఖం ముడుచుకుంది. చక్రం కాలు మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"పొడుగైందా బాపు?"

అవునన్నాడు తలతోనే. ఆమె కాస్త అరగదీసి మళ్లీ అతికించింది. అయినా వేలు అక్కడే ఉంది.

"ఇంక తగ్గియ్యాల్నా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"వంకర పోయిందా? ముందటిదా, ఎనుకటిదా? ఎట్లనన్న చెప్పు బాపు, చేస్త."

ఆయన గొంతు గురగురలాడింది, మాట రాలేదు. ఏదో చూపాలని విమానం మీద అరచేయి పెట్టి నొక్కాడు. కాలు విరిగి, విమానం పొట్ట మీద పడింది.

ఫోన్లో దొరికిన, విక్రాంత్ మీది సీహాక్‌ల పాత ఫొటోలన్నీ ఆమె చూపించింది. అన్నీ మసకవే. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"నాకు సమజైతలేదు బాపు," అని ప్రవళిక ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ తానూ ఏడ్చాడు.

విరిగిన కాలు ఇంకా అట్లాగే ఉంది. ఎట్లా అతికించాలో తెలిసిన మనిషి ఆమె ఎదురుగానే కూర్చొని ఉన్నాడు.