మ్యాట్నీకి పోని నర్మద

ఆదివారం మ్యాట్నీకి తనను దయాకర్‌రావు తీసుకెళ్ళాడన్న సంగతి నర్మదకు బుధవారం దాకా తెలియదు. కరీంనగర్ కాలేజీలో మిగతా అందరికీ తెలుసు.

ఎనభైల నాటి మాట. అబ్బాయిల హాస్టల్లో దయాకర్‌రావు బ్యాచ్‌కు ఒక పిచ్చి ఆనవాయితీ ఉండేది. ముందుగా అమ్మాయిని సినిమాకు తీసుకెళ్ళినవాడే ఆ ఏడు లీడరు. నర్మద రానని మొహం మీదే చెప్పింది. అయినా ఆ దొరబిడ్డ ఒంటరిగా వెళ్ళొచ్చి, జంటగా వెళ్ళానని కోతలు కోసి లీడరైపోయాడు. వాడికి పూలదండ, ఆమెకు చెడ్డపేరు! నర్మదకు ఒళ్ళు మండిపోయింది.

మాట సిరిసిల్ల దాకా పాకింది. మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఆమె బాపు హనుమంతు శనివారం వచ్చి అమ్మాయిల హాస్టల్ ముందు నిలబడ్డాడు.

"చదివింది సాలు బిడ్డా, ఇంటికి నడువు. షెడ్డుల మొఖం ఎత్తనిస్తలేరు."

"నేను పోలే బాపూ!"

"నాకెర్కనే. నేనొక్కన్ని నమ్మితె ఏమైతది?"

నర్మదకు ఏడుపు తన్నుకొచ్చింది. చదువు ఆగిపోతే ఇక మగ్గాలకు నూలు కండెలు చుట్టడమే.

"జర ఆగు. బతుకమ్మ ఆడొస్త."

కాలేజీ మైదానంలో అమ్మాయిలతోపాటు వార్డెన్ జానకీబాయి కూడా ఆడుతోంది. బ్యాచ్ అంతా గోడెక్కి కూర్చుంది. బతుకమ్మ చుట్టూ ఒకరు పాట అందుకుంటే తక్కినవాళ్ళంతా తిరిగి పాడాల్సిందే. నర్మద అందుకుంది.

"దయాకర్‌రావు ఉయ్యాలో, మ్యాట్నీకి పోయె ఉయ్యాలో
నర్మద వచ్చెనని ఉయ్యాలో, నలుగురికి చెప్పె ఉయ్యాలో"

అందరూ అలవాటుగా పాడేశాకే అర్థం తలకెక్కింది. గోడ మీద నవ్వులు ఆగిపోయాయి.

"ఆ పొద్దు నర్మద ఉయ్యాలో, హాస్టల్ల ఉండె ఉయ్యాలో
జానకీబాయి తలకు ఉయ్యాలో, నూనె రుద్దె ఉయ్యాలో"

హాస్టలంతా గజగజలాడే జానకీబాయి పిల్లలతో తల రుద్దించుకుంటుందని లోకమంతా విన్నది! ఆమె మొహం ఎర్రబడింది. ఒక అడుగు తడబడింది. తర్వాత అందరికంటే గట్టిగా ఎత్తుకుంది.

"నిజమే పిల్లలు ఉయ్యాలో, మాడంత రుద్దె ఉయ్యాలో
ఒక్కడే పోయి ఉయ్యాలో, ఇద్దరని కోసె ఉయ్యాలో"

మైదానం ఘొల్లుమంది. "లీడర్‌సాబ్, పక్క సీట్ల ఎవలున్నరే?" అని బ్యాచ్‌లోనే ఒకడు అరిచాడు. దయాకర్‌రావు గోడ అవతలికి దూకేశాడు. నర్మద మాత్రం ఆపలేదు.

"మొగోడు పోతే ఉయ్యాలో, లీడరాయె ఉయ్యాలో
ఆడిది పోతే ఉయ్యాలో, చెడిపోయెనా ఉయ్యాలో"

ఈ చరణాన్ని అమ్మాయిలు గొంతులు పగిలేలా పాడారు. ఎంతకీ వదలలేదు.

చెమటలు కక్కుతూ వచ్చిన కూతుర్ని చూసి, మైదానం అంచున నిలబడి పాటంతా విన్న హనుమంతు కళ్ళు తుడుచుకున్నాడు.

"నడువు బాపూ, పోదాం."

"ఏడికే? సెలవులియ్యంగనే రా. గీ పాట మా షెడ్డుల ఆడోళ్ళకు నేర్పి, మళ్ళ బస్సెక్కుదువు."