బొట్టు పెట్టిన డ్రైవ్

పాట కోసం వస్తున్నానని తారి పొద్దున్నే ఫోన్ చేసింది. పెద్దవంగర దగ్గరి తండా వాళ్లది. కార్తీకంలో ఆమె పెళ్లి వీడియో తీసింది శారద స్టూడియోనే. అప్పగింతల్లో తారి ఢావ్లో, అంటే లంబాడీ పెళ్లికూతురు ఏడుస్తూ పాడే పాట, ఎత్తుకుంటే, నాయనమ్మ చాందీ ఆమె మెడ పట్టుకుని ఏడుస్తూ గొంతు కలిపింది. ఇప్పుడు చాందీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ గొంతు ఇక వీడియోలోనే వినాలి. ఆ వీడియో ఉన్న కంప్యూటర్ డిస్క్ నిన్న కాలిపోయింది.

“పరేషాన్ గాకు వదినా, బ్యాకప్ ఉంది” అంటూ దిగాడు మరిది మిథున్. ఆ గొంతు వింటేనే శారదకు ఒళ్లు మంట. పాలకుర్తిలోని ఆమె స్టూడియో కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిన నాటి నుంచి అతని కళ్లు నెత్తికెక్కాయి. షాపు మూసే వేళకు వీడియోలన్నీ వాటంతటవే బయట తగిలించిన డ్రైవ్‌లోకి పోయేలా ప్రోగ్రామ్ రాసిపెట్టాడు.

“ఓసారి డ్రైవ్ తెరిచి సూపియ్యరాదు?” అని ఆనాడే అడిగిందామె.

“చెప్పినా నీకు తెల్వదు. తెర మీద పచ్చక్షరాలొస్తే కాపీ అయినట్టే” అన్నాడు మహానుభావుడు.

పచ్చక్షరాలు ఒక్కరోజూ తప్పలేదు. దసరాకు ఆయుధపూజ చేస్తూ శారద కెమెరాలతో పాటు డ్రైవ్‌నూ ఊడదీసి, బొట్టు పెట్టి దుర్గమ్మ పటం ముందుంచింది. కూడు పెట్టే సామాను కదా. తెల్లారి కెమెరాలు పనిలోకి దిగాయి, డ్రైవ్ అక్కడే ఉండిపోయింది. దీపావళికి వచ్చిన మిథున్ ఆ పటం కిందే కూర్చుని చాయ్ తాగాడు. పచ్చక్షరాలు చూసి కాలరెగరేశాడు తప్ప తల ఎత్తలేదు.

ఇవాళ కుంకుమ దులిపి మిథున్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, డ్రైవ్‌లో దసరా ముందటి పెళ్లిళ్లే ఉన్నాయి.

మిథున్ నసిగాడు. డ్రైవ్ పేరుతో కంప్యూటర్‌లోనే ఒక ఖాళీ ఫోల్డర్ ఉంటుందట. డ్రైవ్ లేకపోయేసరికి కాపీలన్నీ అందులోనే, అదే డిస్క్ మీదే పడ్డాయట. డ్రైవ్ ఉందో లేదో చూసుకొమ్మని ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం రాస్తే, పచ్చక్షరాలు రాకుండా అక్కడే ఆగిపోయేదట.

“మరెందుకు రాయలే?”

“డ్రైవ్‌ను దేవుని ముంగట పెడ్తరని నేను కలగన్ననా?”

“అవ్‌లే, నీ తెలివికి వెయ్యాల్సుండె దండ.”

ఇంతలో తారి లోపలికి వచ్చింది. బల్ల మీద, దులిపినా బొట్టు మరక పోని డ్రైవ్ చూసి ఆగిపోయింది.

“దీంట్లనేనా అక్కా మా దాదీ పాట? బొట్టు గూడ పెట్టినవా!” రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది.

 మిథున్‌ను తిడదామని కూడబెట్టుకున్న మాటల్లో శారదకు ఒక్కటీ పనికి రాలేదు.

“లేదు తారీ, దాంట్ల లేదు” అంది. “పూజకని తీసింది నేనే. మల్ల పెట్టుడు మర్చింది నేనే.”

తారికి అర్థం కాలేదు. డ్రైవ్‌ను గుండెకు ఆనించుకునే, “మరి మల్లెప్పుడు రావాలె అక్కా?” అని అడిగింది.