బొబ్బిలి గుర్తులేదు

గిరిబాబు గూడ్సు బండ్ల లోకో పైలట్. ఇల్లు నెల్లిమర్లలో, డ్యూటీ ఎక్కేది విజయనగరంలో. వరసగా నాలుగు రాత్రులు బండి నడిపి, బుధవారం పొద్దున్న రాయగడ నుంచి వచ్చి దిగాడు. ఇంటికి తాళం వేసి ఉంది. మర్నాడు పదిన్నరకి తమ్ముడి నిశ్చితార్థమని భార్య అరుణశ్రీ కూతుర్ని తీసుకుని నరసన్నపేటలోని పుట్టింటికి వెళ్లిపోయింది. గిరిబాబు అందుకోసం సెలవు పెట్టాడు. మంజూరైనట్టు ఫోన్లో మెసేజీ కూడా వచ్చింది. పక్కింటి జగ్గమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి గోడ గడియారంలో ఐదుంబావు. కిటికీలో పల్చటి వెలుతురు. ఫోను చార్జింగు అయిపోయి ఆగిపోయింది. గురువారం తెల్లారిపోతోందని గబగబా లేచి, నెత్తిన నాలుగు చెంబులు పోసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని వీధిలోకి వచ్చాడు.

జగ్గమ్మ అరుగు మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏటి బావూ, ఈయేలప్పుడు ఎక్కడికెల్తన్నావు?"

"నరసన్నపేటకి. పదిన్నరకి నిశ్చితార్థం కదా."

"అది రేపని సెప్పింది కదా మీ ఆవిడ?"

"ఆ రేపు ఇదేనే జగ్గమ్మా."

జగ్గమ్మ అతని మొహంలోకి చూసి, మళ్లీ కాయలు ఒలవసాగింది. ముసలిదానికి రోజులు తెలీడం లేదనుకున్నాడు గిరిబాబు. కానీ అక్కడ నిలబడ్డ ఐదు నిమిషాల్లో వెలుతురు పెరగలేదు, తగ్గింది. ఎదురింట్లో దీపం పెట్టారు.

"సాయంత్రమా ఇది?"

"మరేటనుకున్నావు? పొద్దున్న తాళం నా సేతిలోంచే కదా పట్టుకెల్లావు!"

ఇంట్లోకి వెళ్లి ఫోను చార్జింగుకి పెట్టాడు. అది వెలిగిన కాసేపటికే మోగింది. డ్యూటీలు వేసే క్రూ కంట్రోలర్ ఎల్లాజీ.

"గిరిబాబూ, రేపు ఎనిమిదింటికి రాయగడ బండి నీదే."

"రేపు నాకు సెలవు కదండీ."

"నీ సెలవు శుక్రవారం."

"గురువారానికి పెట్టేనండీ."

"తేదీ కొట్టింది నువ్వే కదా. సూసుకో ఓపాలి."

చూసుకున్నాడు. శుక్రవారం తేదీయే ఉంది. రాత్రి డ్యూటీ దిగి, ఇవాళేం వారమో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పెట్టిన సెలవు అది.

"ఇద్దరు ఒంట్లో బాగోక సిక్కులో ఉన్నారు. ఇంకెవర్ని పంపను సెప్పు?" అన్నాడు ఎల్లాజీ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

సరేనండీ అనబోయాడు గిరిబాబు. రేపటి దారి తలుచుకోబోతే పొద్దున్న వచ్చిన దారి గుర్తొచ్చింది. పార్వతీపురం దగ్గర అసిస్టెంటు గోవింద్ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. ఆ తర్వాత గజపతినగరం గేటు. మధ్యలో బొబ్బిలి ఉండాలి. ప్లాట్‌ఫారం గాని, సిగ్నలు గాని, ఏమీ కళ్ల ముందుకి రాలేదు.

"ఎల్లాజీ గారూ, నాకు బొబ్బిలి గుర్తులేదండీ."

"ఏటీ?"

"పొద్దున్న బొబ్బిలి దాటినట్టు గుర్తులేదు. ఇందాక సాయంత్రాన్ని పొద్దున్ననుకుని నిశ్చితార్థానికి బయల్దేరేను. రేపు నేను బండి ఎక్కకూడదేమో."

"అలాగ అనీకు. ఈ ఫోను రికార్డవుతాది."

"అవనీయండి."

"పొద్దున్నే డాక్టరు దగ్గరికెల్లి సిక్కు రాయించుకో. బండికి ఎవర్నో సూస్తాను," అని ఎల్లాజీ ఫోను పెట్టేశాడు.

మర్నాడు డాక్టరు మూడు రోజులు విశ్రాంతి రాశాడు. గిరిబాబు నరసన్నపేట చేరేసరికి ఒంటిగంట దాటింది. తాంబూలాలు అయిపోయి రెండో పంక్తి నడుస్తోంది. అరుణశ్రీ అతన్ని విస్తరి ముందు కూచోబెట్టింది.

"సెలవు దొరికిందా?"

"సెలవు కాదు, సిక్కు."

"ఒంట్లో ఏటయింది?"

"ఏటీ లేదు." విస్తరి మీద నీళ్లు చల్లుకుని, మళ్లీ అన్నాడు. "తెలీదు."

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

సోమవారం ఆఫీసరు పిలిపించాడు. శిక్ష వేస్తారనుకుని వెళ్లాడు. ఆయన ఇంజనులో రికార్డయిన వివరాల కాగితం ముందు పెట్టాడు. బొబ్బిలి ఆరూ పదికి దాటింది. వేగం సరిగ్గా ఉంది, హారన్ సరిగ్గా కొట్టాడు. సిగ్నల్ పచ్చ అని గిరిబాబు రూలు ప్రకారం గట్టిగానే చెప్పాడని గోవింద్ రాసిచ్చాడు.

"అంతా సవ్యంగానే చేశావు కదయ్యా. మరి గుర్తులేదంటావేం?"

గిరిబాబు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తప్పు చేసినట్టుంటే బాగుండుననిపించింది. ఇది మరీ అర్థం కాలేదు. "నాకూ తెలీదండీ," అన్నాడు.

ఆఫీసరు పెన్నుకి మూతపెట్టాడు. వరసగా రెండు రాత్రులకి మించి ఇతనికి వెయ్యొద్దని ఎల్లాజీకి కబురు పంపాడు. నెలాఖరు దాకా అన్నాడు. ఆ తర్వాత సంగతి ఆయనా చెప్పలేదు, గిరిబాబూ అడగలేదు.