దానమ్మ ఇంగ్లీషు

భావనపాడులో తెల్లారగానే జనం ముందు సముద్రం కేసి చూడరు, దానమ్మ అరుగు కేసి చూస్తారు. ఆ ముసలామె నెత్తళ్ళ చేపలు ఎండబోస్తూ, ఎదురుగా కనబడినవాళ్ళని చూసి ఓ ఇంగ్లీషు మాట అంటుంది. ఆమెకు వేలిముద్రే గాని సంతకం రాదు. అన్నదేమిటో మరుక్షణం గుర్తుండదు. డిగ్రీ చదివే మనవరాలు శైలజ అర్థం చెబుతుంది. పొద్దుగూకేలోగా అది జరిగిపోతుంది.

ఈశ్వరిని చూసి "పీస్ ఆఫ్ కేక్" అన్న రోజున ఆ పిల్ల పోలీసు ఉద్యోగపు పరుగును మంచినీళ్ళు తాగినంత సులువుగా నెగ్గింది. జోగయ్యని చూసి "ఇన్ హాట్ వాటర్" అంది. చిక్కుల్లో పడతావని శైలజ చెబితే ఆయన గడియ పెట్టుకుని మంచం కింద దూరాడు. చిక్కులు పోలీసు జీపెక్కి ఇంటికే వచ్చాయి. తప్పించుకునే దారి ఒక్కటే. అదే మాట దానమ్మ ఇంకొకరిని చూసి అంటే, మొదటివాళ్ళని వదిలి వాళ్ళకి అంటుకుంటుంది.

మొన్న మంగళవారం ఆమె కొడుకు హరిబాబు, శైలజ తండ్రి, వల భుజాన వేసుకుని మెట్టు దిగుతున్నాడు. దానమ్మ అతన్ని చూసి నవ్వుతూ అంది: "కిక్ ద బకెట్."

శైలజ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏటంతన్నాదే మీ మామ్మ?"

"తెల్దు నాన్నా. ఇయ్యాల యాటకెల్లకు."

"పడవ కాడ నలుగురు కాసుకున్నారే," అంటూ వెళ్ళిపోయాడు.

ఆపి ఇంట్లో కూర్చోబెట్టినా లాభం లేదని శైలజకు తెలుసు.

"ఓలె గుంటా, అలాగ బిగుసుకుపోనావేటి? ఏటన్నాను?" అంది దానమ్మ.

"నాన్న... సచ్చిపోతాడని, మామ్మా."

దానమ్మ చేతిలో నెత్తళ్ళు జారిపోయాయి. రేవు వైపు చూసింది. లోపలికెళ్ళి గోడ అద్దం తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ మాట నాకు నేర్పు."

"నేర్పను."

"నీ బాబు పడవెక్కీసుంటాడే. బేగి నేర్పు."

శైలజ పక్కన కూలబడింది. "కిక్," అంది.

"కిక్కు," అంది దానమ్మ, అద్దంలో తన మొహం చూసుకుంటూ.

"ద."

"ద."

మూడో మాట దగ్గర శైలజ ఆగిపోయింది. మామ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. రేవులో ఇంజను చప్పుడు మొదలైంది.

"సెప్పమ్మా," అంది దానమ్మ. "నాకూ బయంగానే ఉన్నాది."

శైలజ కళ్ళు మూసుకుని చెప్పింది. దానమ్మ అద్దంలో చూసుకుంటూనే అదీ అనేసి, అద్దం మనవరాలి చేతికిచ్చి, నెత్తళ్ళు తిరగేయడానికి కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక పడవ ఒడ్డు చేరింది. హరిబాబు పెద్ద పండుగొప్ప చేపని మొప్పల దగ్గర పట్టుకుని, ఒడ్డున కాసుకున్న శైలజ ముందుకి దూకాడు.

"ఇది మీ మామ్మకే. బాగా పులుసెట్టు."

శైలజ ఆ చేపని రెండు చేతులా అందుకుంది.

"మామ్మ పోనాది, నాన్నా."